యాడ్‌లో అమ్మ ఒక్కర్తే ఎందుకు తుడుస్తోంది?

చర్చలో పాల్గొన్నవారు: యాడ్ ఫిల్మ్ రచయిత్రి, ప్రకటనల చట్టాలు చూసే న్యాయవాది, హిందీ యాడ్‌లకు తెలుగు మాటలు రాసే డబ్బింగ్ రచయిత

వ్యాఖ్యాత: వంటింట్లో ఆడమనిషి కనిపిస్తే చాలు, వివక్ష అనేస్తున్నారు. అంతేనా మేడమ్?

యాడ్ రచయిత్రి: కాదండీ. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఫిర్యాదు చేస్తే నిలబడదు. ముంబైలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఉంది, ఆస్కి అంటాం. మన హైదరాబాద్ స్టాఫ్ కాలేజీ ఆస్కి వేరు, పొరపడకండి. వాళ్ళు 2022 జూన్‌లో ఆడ, మగ మూసపాత్రల మీద మార్గదర్శకాలు ఇచ్చారు. ఆవిడ ఇల్లు తుడవొచ్చు, ఆయన గోడకి మేకు కొట్టొచ్చు. ఆ పని వాళ్ళు తప్ప ఇంకొకరు చెయ్యరన్నట్టు మాత్రం చూపకూడదు.

వ్యాఖ్యాత: తెర మీద ఆ తేడా పట్టుకోవడం ఎలా?

యాడ్ రచయిత్రి: ముప్పై సెకన్ల ఫ్లోర్ క్లీనర్ యాడ్ ఒకటి ఊహించుకోండి. ఐదో సెకనుకి పిల్లాడు బురదకాళ్ళతో పరిగెత్తుకొస్తాడు. ఎనిమిదో సెకనుకి నాన్న కప్పులోంచి కాఫీ ఒలుకుతుంది. ఇద్దరూ అమ్మ వైపు చూస్తారు, ఆవిడ నవ్వి మాప్ అందుకుంటుంది. చిక్కంతా ఆ చూపులోనూ ఆ నవ్వులోనూ ఉంది. ఇల్లంతా కలిసి పాడుచేస్తే శుభ్రం చేసే పూచీ ఒక్కరిదే అయింది. మార్గదర్శకాలు వద్దన్నది సరిగ్గా ఇదే.

వ్యాఖ్యాత: మాప్ నాన్న చేతికిస్తే సరి కదా?

యాడ్ రచయిత్రి: ఇస్తారు. ఆయన బకెట్ తన్నేసి నేలంతా నీళ్ళు చేస్తాడు, ఆవిడ తల కొట్టుకుంటూ మాప్ లాక్కుంటుంది. మగాడు కాబట్టి చేతకాదనడం ఇంకో మూస, అదీ తప్పే. ఏ జోకూ వెయ్యకుండా మామూలుగా తుడవనిస్తే చాలు. అది రాయడమే కష్టం, నవ్వు రాదని క్లయింట్ ఒప్పుకోడు.

డబ్బింగ్ రచయిత: తెలుగులోకి వచ్చేటప్పుడు ఇంకో తమాషా జరుగుతుంది. హిందీలో ‘థక్ గయీ హైఁ?’ అంటే అడిగేది ఆడవాళ్ళనేనని క్రియలోనే తెలిసిపోతుంది. మనకి ‘అలసిపోయారా?’ అంటే ఇద్దరికీ సరిపోతుంది. అంటే తెలుగు మనకి తలుపు తీసి పెట్టింది. మేమేం చేస్తాం? ఎక్కడైనా పెదవుల కదలికకి మాట చాలకపోతే ‘అమ్మలూ’ అని ఇరికిస్తాం. ఆ ఖాళీలో ‘ఏంటండీ’ అన్నా సరిపోయేది. పొదుపు పథకాల యాడ్‌లలో ‘అబ్బాయి చదువు, అమ్మాయి పెళ్ళి’ కూడా ఇంతే. ‘పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు’ అంటే నిడివి దాదాపు అంతే.

వ్యాఖ్యాత: సార్, ఆస్కికి జరిమానా వేసే అధికారం లేదంటారు. మరి ఫిర్యాదు ఎందుకు?

న్యాయవాది: లేదు, అది పరిశ్రమ తనకు తాను పెట్టుకున్న సంస్థ. కానీ టీవీ యాడ్‌కి వెనక చట్టం ఉంది. 1994 కేబుల్ టీవీ నిబంధనల్లో 7వ రూల్ చూడండి. స్త్రీలను అణిగిమణిగి ఉండేవాళ్ళుగా, ఇంట్లో రెండో స్థానంలో ఉండాల్సినవాళ్ళుగా చూపకూడదని అందులోనే రాసి ఉంది. ఆస్కి నియమావళిని మీరిన యాడ్ వెయ్యకూడదనీ ఉంది. 2022 జూన్‌లో సామూహిక అత్యాచారాన్ని జోక్‌లా స్ఫురింపజేసిన బాడీ స్ప్రే యాడ్‌ని ఆస్కి ఆపమంది, కేంద్ర సమాచార ప్రసార శాఖ యూట్యూబ్, ట్విట్టర్‌లను తీసెయ్యమంది.

వ్యాఖ్యాత: వందల మంది సంతకాలు కావాలా?

న్యాయవాది: అక్కర్లేదు. బ్రిటన్‌లో 2019లో ఇలాంటి నిబంధన వచ్చాక మొదట ఆగిన రెండు యాడ్‌లలో ఒకటి ఫోక్స్‌వాగన్‌ది, దాని మీద వచ్చిన ఫిర్యాదులు మూడే. లెక్క కన్నా వివరం ముఖ్యం. ఛానల్, తేదీ, టైము, బ్రాండ్ రాయండి. స్క్రీన్ రికార్డింగ్ జత చెయ్యండి. తర్వాత ‘ఫలానా సెకనులో ఫలానా మాట’ అని రెండు వాక్యాలు. ‘మన సంస్కృతికి మచ్చ’ అని పేజీ నింపితే ఏ నియమం తప్పారో చదివేవాళ్ళకి తెలియదు. యాడ్ తెలుగులో ఉంటే ఆ మాటకి ఇంగ్లీషు అర్థం కూడా రాయండి. ఆస్కి వెబ్‌సైట్‌లోనే పంపొచ్చు.

యాడ్ రచయిత్రి: కోపంతో ఆ యాడ్ లింకునే షేర్ చెయ్యకండి. వ్యూస్ వాళ్ళకే పెరుగుతాయి. ఫోటో చాలు.

వ్యాఖ్యాత: తెల్లబడే క్రీముల సంగతి?

న్యాయవాది: అక్కడ రెండు ఫిర్యాదులు విడివిడిగా రాయాలి. నల్లగా ఉన్నందుకు అమ్మాయి దిగులుగా కూర్చున్నట్టు చూపితే ఆస్కి 2014 మార్గదర్శకాల కింద. ‘పది రోజుల్లో తెలుపు’ అని బుకాయిస్తే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి, అక్కడ తప్పు తేలితే మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా. రెండూ కలిపి రాస్తే ఒకటి మరుగున పడుతుంది.

వ్యాఖ్యాత: ఊళ్ళో కేబుల్‌లో వచ్చే నగల షాపు యాడ్‌కి ఇవన్నీ పట్టవేమో.

న్యాయవాది: ఎందుకు పట్టవు? 7వ రూల్ ఊరి కేబుల్‌కీ అదే. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు మూల ఛానల్ లోగో, కింద షాపు పేరు రెండూ ఫ్రేములో పడేలా చూసుకోండి.