మా అమెరికా ఊరి భూసంరక్షణ బోర్డులో నాకు చోటెలా దొరికింది? వడ్డేపల్లి చెరువు కట్ట మీద బాపుతో ఒక ఉదయం

నమస్కారం. ఈసారి వీడియో మసాచుసెట్స్‌లోని మా ఇంటి నుంచి కాకుండా హనుమకొండలోని వడ్డేపల్లి చెరువు కట్ట మీద నుంచి మొదలవుతున్నది. ఉదయం ఆరు కావస్తున్నది. నడకకు వచ్చినవాళ్ళు నా చేతిలోని కెమెరాను చూసి పక్కకు తప్పుకొని పోతున్నారు. మా బాపు మాత్రం నాకంటే పది అడుగులు ముందే ఉన్నారు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన ఆయనకు కట్ట మీద నడవడమంటే ఇప్పటికీ కట్టను తనిఖీ చేయడమే. ఎక్కడైనా రాయి కదిలి కనిపిస్తే ఆగి, చెప్పుకాలితో ఒకసారి తట్టి చూసి గాని ముందుకు కదలరు.

నేను మా ఊరి కన్జర్వేషన్ కమిషన్‌లో, అంటే ఊరి భూములను, చిత్తడినేలలను కాపాడే బోర్డులో, సభ్యురాలినయ్యానని చెప్పినప్పటి నుంచి చుట్టాలందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: జీతమెంత? జీతం లేదు. నెలకు రెండు మంగళవారాల రాత్రులు, అప్పుడప్పుడు ఒక శనివారం ఉదయం బురదలో నడక, ఇంతే. మరి అందులో చేరడానికి దరఖాస్తు, ఇంటర్వ్యూ ఎందుకని మా మేనత్త ఆశ్చర్యపోయింది. ఆమెకు చెప్పిన సంగతులనే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ఊళ్ళు, పట్టణాలు కలిపి 351 ఉన్నాయి, ప్రతి దానికీ ఇలాంటి కమిషన్ ఒకటి ఉన్నది. 1957లో వచ్చిన చట్టం వీటికి పునాది. ముగ్గురికి తక్కువ కాకుండా, ఏడుగురికి మించకుండా సభ్యులుంటారు. పదవీకాలం మూడేళ్ళు, అయితే అందరి గడువూ ఒకే ఏడాది ముగియకుండా విడతలుగా పెడతారు. ఊరి పేరు మీద ఉన్న అడవులను, పచ్చికబయళ్ళను కాపాడడం, కొత్తగా భూమి కొనమని ఊరికి సిఫారసు చేయడం, ఎవరైనా దానంగా ఇస్తే స్వీకరించడం మొదట్లో వీటి పని. 1972లో చిత్తడినేలల రక్షణ చట్టం వచ్చాక ఇంకో బరువు కూడా నెత్తిన పడింది: చిత్తడినేలకు 100 అడుగుల లోపల ఎవరు ఏ నిర్మాణం తలపెట్టినా మా ముందుకు రావాలి. అదే ఏడాది రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణ ఇంకా గట్టిది. సంరక్షణ కోసమని తీసుకున్న ప్రజాభూమిని మరో పనికి మళ్ళించాలంటే రాష్ట్ర శాసనసభలోని రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓటు పడాలి.

ఇంత పని అప్పగించే చట్టం సభ్యులకు ఏ డిగ్రీ ఉండాలో మాత్రం చెప్పదు. అర్హులెవరో తేల్చుకునే భారాన్ని నియమించేవాళ్ళకే వదిలేసింది. మా ఊళ్ళో ఆ అధికారం ఊరి పాలన చూసే, ఎన్నికైన ఐదుగురి బోర్డుది. కమిషన్‌లో రెండు ఖాళీలున్నాయని టౌన్‌హాలు గోడమీద కాగితం అతికించారు. నేను అక్కడికి వెళ్ళింది కుక్క లైసెన్సు రెన్యూవల్ కోసం. వరుసలో నిలబడి చదవడానికి ఇంకేమీ లేక ఆ కాగితం చదివాను. చదువు సివిల్ ఇంజినీరింగు, ఉద్యోగం పునాదుల కింది మట్టి పరీక్షలు, పౌరసత్వం తీసుకొని అప్పటికి ఏడాది. దరఖాస్తు పెట్టాను.

నలుగురం పెట్టాం. ఒకాయన పాడిపశువులు మేపి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన, చదువు హైస్కూలు వరకే. ఇంకొకామె జీవావరణ శాస్త్రంలో డాక్టరేటు చేసినామె. మూడో ఆయన సర్వేయరు. ఇంటర్వ్యూ మూసిన తలుపుల వెనుక జరగలేదు. స్థానిక కేబుల్ ఛానల్ కెమెరా ముందు, ఊరివాళ్ళు కుర్చీల్లో కూర్చొని వింటుండగా జరిగింది. కాలేజీలో వైవా తర్వాత నా అరచేతులు అంతగా తడవడం అదే మొదటిసారి.

సర్వేయరు తనంతట తానే లేచి, తన సంస్థ వేసే ప్లాన్లు ఏడాదికి పది పన్నెండు ఈ కమిషన్ ముందుకే వస్తాయని, వాటన్నింటికీ తాను బయట కూర్చోవలసి ఉంటుందని చెప్పారు. సొంత ప్రయోజనం ముడిపడిన విషయంలో నిర్ణయం చేయకూడదనే అక్కడి ప్రయోజనాల వైరుధ్య చట్టం జీతం లేని సభ్యులకూ అంతే గట్టిగా వర్తిస్తుంది. డాక్టరేటు ఆమెను ఎన్నుకుంటారనే నేను అనుకున్నాను, ఆమె నాకంటే అర్హురాలని ఇప్పటికీ అనుకుంటాను. కాని ఆమె పరిశోధన ఏడాదిలో ఐదు నెలలు వేరే రాష్ట్రంలో సాగుతుంది. మా కమిషన్‌లోని ఏడుగురిలో నలుగురు లేనిదే కోరం ఉండదు. దరఖాస్తు అందిన 21 రోజుల్లో విచారణ మొదలుపెట్టాలి. విచారణకు హాజరు కాని సభ్యులకు ఆ విషయంలో ఓటు వేసే వీలు సాధారణంగా ఉండదు. వచ్చి కూర్చోవడం కూడా ఒక అర్హతేనని నాకు తెలిసింది ఆ రాత్రే. పెద్దాయనను, నన్ను తీసుకున్నారు.

ఆ పెద్దాయన విలువ మొదటి క్షేత్ర పరిశీలనలోనే తెలిసింది. ఒక బిల్డరు ఇల్లు కట్టబోయే స్థలం అది. చేతితో తిప్పే బరమాను నేలలోకి దింపి, అడుగు లోతు నుంచి మట్టిని పైకి తీసి, మన్సెల్ రంగుల పుస్తకంలోని చిన్న చిన్న అట్టముక్కల పక్కన పెట్టి పోల్చి చూస్తున్నాం. మట్టి బూడిద రంగులో ఉన్నది, మధ్యమధ్య తుప్పు రంగు చారలున్నాయి. నీళ్ళు చాలాకాలం నిలిచిన నేలలోకి గాలి చొరదు. మట్టిలోని ఇనుము కరిగి కొట్టుకుపోయి బూడిద రంగు మిగులుతుంది, వేళ్ళ వెంట కాస్త గాలి దూరినచోట తుప్పు పడుతుంది. నేను పుస్తకంలో పేజీ వెతుకుతుండగానే పెద్దాయన ఆ ముద్దను బొటనవేలితో నలిపి, ఇక్కడ మేలో కూడా ఆవులు దిగబడేవి అన్నారు. బిల్డరు మనిషి పాతిన గులాబీరంగు జెండాలు చిత్తడి హద్దుకు ఇరవై అడుగులు తప్పుగా ఉన్నట్టు తరువాత తేలింది.

ఈ బూడిదమట్టి కథను నిన్న సాయంత్రం చెబితే బాపు నవ్వి, “గదానికి బుక్కెందుకు బిడ్డా, జాలు పట్టిన నేల గట్లనే ఉంటది” అన్నారు. అక్కడి చిత్తడి, ఇక్కడి చెరువు వేరు వేరని నేను సర్దిచెప్పబోయాను గాని, ఆయన లెక్క వేరు. అక్కడ 100 అడుగులంటే ముప్పై మీటర్లు. ఇక్కడ 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి వదలవలసిన జాగా కూడా 30 మీటర్లే. చిన్న కుంటలకైతే 9 మీటర్లు. కొలత రెండుచోట్లా ఒకటే. ఆ కొలతను రాత్రిపూట కూర్చొని, ఒక్కొక్క దరఖాస్తుకు టేపు పెట్టి చూసే ఊరివాళ్ళు మనకెక్కడున్నారని ఆయన ప్రశ్న. 2020 ఆగస్టులో హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు, 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు ఆయన ఫోన్లో నాతో మాట్లాడింది వానల గురించి తక్కువ, నాలాల గురించి ఎక్కువ.

సభ్యత్వం వచ్చాక నాకు ఎదురైన చిక్కు మాత్రం బురదలో లేదు, మనవాళ్ళలోనే ఉన్నది. ఏటా మాతో కలిసి బతుకమ్మ ఆడే ఒక తెలుగు కుటుంబం ఇంటి వెనుక చెక్క వరండా కట్టుకోవాలనుకున్నది. చిత్తడినేలకు అరవై అడుగుల దూరం. వాళ్ళ దరఖాస్తు రాగానే మా స్నేహాన్ని రాతపూర్వకంగా తెలియజేసి, విచారణ సమయంలో గది బయట నడవాలో కూర్చున్నాను. నేను లేచి వెళ్ళడం చూసి ఆ ఇంటావిడ ముఖం చిన్నబోయింది. మిగిలిన ఆరుగురు ఆ చెక్క వరండాను చిత్తడి నుంచి ఇంకో పాతిక అడుగులు దూరం జరపమని షరతు పెట్టి అనుమతి ఇచ్చారు. మరుసటి వారం ఫోన్ చేసి, “మనోళ్ళు లోపల ఉండి ఏం లాభం?” అని ఆమె నిష్ఠూరమాడింది. ఆ ఏడాది బతుకమ్మ రోజు నా పక్కన నిలబడలేదు. మళ్ళీ ఏడాది పులిహోర డబ్బా తీసుకొని తానే వచ్చింది గాని, ఆ మధ్యకాలం నాకు తేలికగా గడవలేదు.

ఇక మా సొంత ఊరి సంగతి. మొన్న వెళ్ళినప్పుడు మా చిన్నాయన కొడుకు ఒక జిరాక్సు కాగితం తెచ్చి చూపించాడు. జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. కేంద్రం 2004లో చేసిన, 2024 వరకు అమల్లో ఉన్న నియమాల్లో అధ్యక్షునితో పాటు ఆరుగురికి మించకుండా సభ్యులు, వారిలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు అని రాసి ఉండేది. ఊరివాళ్ళను అడిగి తెలుసుకొని చెట్టూ చేమా, పశువూ పక్షీ, విత్తనమూ మందుమొక్కా అన్నీ ఎక్కించిన రిజిస్టరు తయారుచేయడం ఆ కమిటీ ముఖ్యమైన పని. మావాడి పేరు ఆ కాగితంలో ఉన్నది. “అక్కా, నేను మెంబర్నని నాకే తెల్వదు, సంతకం కోసం వచ్చినప్పుడు తెల్సింది” అన్నాడు. అందులో ఇద్దరు ఆడవాళ్ళ పేర్లున్నాయి; ఇంటికి వెళ్ళి అడిగితే ఆ ఇద్దరికీ కూడా తెలియదు. ఆ నియమాలు కోరిన లెక్కలన్నీ కాగితం మీద సరిగ్గా సరిపోయాయి. రిజిస్టరు ఎక్కడుందో ఎవరూ చెప్పలేకపోయారు.

నన్ను బాధించింది వాళ్ళను ఎన్నుకోవడం కాదు, వాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు. ఖాళీ ఉన్నదని గోడమీద ఒక్క కాగితం పడలేదు, వస్తావా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. పూర్వం ఈ పనికి మనిషిని పెట్టే పద్ధతి మనకు లేకపోలేదు. చెరువు తవ్వించినవాళ్ళకు, బాగుచేసేవాళ్ళకు ఇచ్చిన దశబంధ మాన్యాల మాట పాత శాసనాల్లో ఉన్నది. తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరో పంచడానికి నీరటి ఉండేవాడు, పంట రాగానే కళ్ళం దగ్గర అతని వాటా అతనికి కొలిచేవారు. పని ఏమిటో ఊరందరికీ తెలుసు, చేయకపోతే అడిగే హక్కూ ఊరిదే. అయితే ఊరి పెద్దలు కూర్చున్నచోట నీరటికి కుర్చీ మాత్రం వేయలేదు, ఆ పాత పద్ధతిని మెచ్చుకునేటప్పుడు ఈ మాట దాచకూడదు.

మా ఊరి నీరటి మనవడు ఇప్పుడు వరికోత మిషను నడుపుతాడు. చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో ఏ రాయి ఎప్పుడు జరిగిందో, నిండిన నీరు పొర్లే మత్తడి పక్కన ఏ వైపు నీరు కారుతుందో అతనికి తెలిసినంతగా కాగితంలోని ఏడుగురిలో ఎవరికీ తెలియదని మావాడే ఒప్పుకున్నాడు. ఆ మాట వినగానే బాపు లోపలికి వెళ్ళి తెల్లకాగితం, కార్బన్ పేపరు తెచ్చారు. కార్బన్ పేపరు ఇంకా దొరుకుతున్నదని నాకు తెలియదు.

ఇద్దరం అరుగు మీద కూర్చొని రాశాం. కమిటీ గడువు ఎప్పుడు ముగిసిందో తెలపాలని, కొత్త కమిటీ వేసే ముందు పదిహేను రోజులు పంచాయతీ గోడమీద ప్రకటన ఉంచాలని, ఆసక్తి ఉన్నవారి పేర్లు గ్రామసభలో చదివి, శిఖం భూమిలోనూ చెరువు మట్టి కాంట్రాక్టులోనూ ఎవరికైనా సంబంధముంటే అక్కడే చెప్పించాలని అడిగాం. చివరి వాక్యం నాది. బాపు దాన్ని రెండుసార్లు చదివి, “గిది రాస్తే కొందరికి కోపమొస్తది” అన్నారు, కొట్టేయలేదు. మావాడు తన పేరు రాజీనామా కింద వేరే కాగితం మీద రాసి, మళ్ళీ దరఖాస్తు పెడతానన్నాడు.

నిన్న పంచాయతీ కార్యదర్శి రెండు కాగితాలూ తీసుకొని చదివి, మా వంక ఒకసారి, కెమెరా వంక ఒకసారి చూసి, కెమెరా ఆపమన్నారు. ఆపాను. తరువాత సొరుగు లాగి, ఇన్‌వార్డు ముద్ర తీసి, సిరా ఆరిపోయి ఉంటే రెండు చుక్కల నీళ్ళు చల్లి, బాపు కార్బన్ కాపీ మీద కొట్టి ఇచ్చారు. తేదీ సగమే పడితే మిగతా సగం బాపు తన పెన్నుతో దిద్దించుకున్నారు. ఆ కాపీ ఇప్పుడు ఆయన చొక్కా జేబులో, నడక పాసు పక్కన ఉన్నది. నా విమానం గురువారం. వచ్చే మంగళవారం రాత్రి మా విచారణల జాబితాలో నాలుగు దరఖాస్తులున్నాయి.