ఇనుము లేని కళ్లెం

(నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో గుర్రాల పెంపకందారుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. మార్గశిరంలో లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. మనం మల్లన్నగా కొలిచే ఆ దేవుడి వాహనం గుర్రమే కాబట్టి, అక్కడ మొక్కులతో పాటు గుర్రాల బేరాలూ సాగుతాయి. మీలో చాలామంది ఆ జాతరకు వెళ్లేవారే. అందుకే నోట్లో ఇనుము పెట్టని కళ్లెం గురించి ముందుగా చెప్పాలనిపించింది.

బేరంలో మనం సుడులు చూస్తాం, కాళ్లు చూస్తాం, వయసు తెలుసుకోవడానికి పెదవి ఎత్తి ముందరి పళ్లు చూస్తాం. ఆ వేలిని మరికాస్త వెనక్కి జరిపితే, ముందరి పళ్లకూ దవడ పళ్లకూ నడుమ పళ్లు లేని ఖాళీ తగులుతుంది. కళ్లెపు ఇనుము కూర్చునేది అక్కడే. ఆ చోట దవడ ఎముక అంచు మీద పలుచని చిగురు పొర తప్ప కండ ఉండదు. పగ్గం గుంజిన ప్రతిసారీ ఇనుము ఆ ఎముకనూ నాలుకనూ నొక్కుతుంది.

నేను ఒకసారి సుడులకు మురిసి, నోరు చూడకుండా ఒక ఆడగుర్రాన్ని కొన్నాను. పెళ్లి ఊరేగింపులో అది ఊరికే తల ఎగరేసేది. బ్యాండు చప్పుడుకు బెదురుతోందనుకుని, తల ఎత్తకుండా తోలుపట్టీతో కిందికి కట్టాను. కొన్ని నెలల తర్వాత మందు తాగించడానికి పశువుల డాక్టరు దాని నోరు తెరిస్తే, నాలుక పక్కన పాత కోత, చిగురు మీద పచ్చి పుండు కనిపించాయి. మానేదాకా ఇనుము పెట్టవద్దన్నారు. అప్పటికే ఒప్పుకున్న ఊరేగింపు ఉండటంతో ఉత్త తలతాడుతో నడిపించాను. అదే బ్యాండు మోగుతుండగా ఆ గుర్రం తల దించుకుని నడిచింది. ఇన్నాళ్లూ దాని బాధను పొగరనుకున్నానని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇనుము లేకపోతే గుర్రం ఆగుతుందా అని అందరూ అడుగుతారు. గుర్రం భయం వేస్తే పారిపోయే జంతువు. నొప్పి దాని భయాన్ని పెంచుతుంది. నోట్లో ఇనుము ఉన్నా ఆగకుండా పరుగు తీసే గుర్రాలను మనమందరం చూశాం. గుర్రాన్ని ఆపేది దానికి నేర్పిన పాఠం. ఆ పాఠం పగ్గం లాగినప్పటికంటే వదిలినప్పుడే దానికి ఎక్కువగా అర్థమవుతుంది. ఎడమ పగ్గాన్ని మెల్లగా పట్టి ఉంచండి. మూతి వేలెడంత ఎడమకు తిరగగానే ఆ క్షణమే వదలండి. తిరిగితే ఒత్తిడి పోతుందని దానికి తెలుస్తుంది. వదలడంలో ఆలస్యమైతే ఏ పనికి ఒత్తిడి పోయిందో దానికి తెలియదు. మొదట నేల మీద నిలబడి, రోజుకు పది పదిహేను నిమిషాలు మాత్రమే, ఎడమ, కుడి, ఆగడం, ఒక అడుగు వెనక్కి నేర్పాలి. ఇవి కుదిరాక కంచె ఉన్న ఆవరణలో ఎక్కి నడిపించాలి. రోడ్డుకూ ఊరేగింపుకూ తొందరపడకూడదు.

ఇనుము లేని కళ్లేలన్నీ ఒకటి కావు. పగ్గాలు మూతిపట్టీకి ఇరుపక్కలా కట్టి ఉండేది అన్నిటికన్నా సులువైనది, నేర్పడానికి అనువైనది. మరో రకంలో పట్టీలు దవడ కింద అడ్డంగా దాటి చెవుల వెనక్కి వెళ్తాయి కాబట్టి, ఎడమ పగ్గం లాగితే కుడి చెంప మీద ఒత్తిడి పడి తల ఎడమకు తిరుగుతుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పశువైద్య ఆచార్యుడు రాబర్ట్ కుక్ దీనికి ప్రచారం తెచ్చారు. దీనిలో పట్టీలు బిగుసుకుని, పగ్గం వదిలినా ఒత్తిడి వెంటనే తగ్గకపోవచ్చు, అది చూసుకోవాలి. మూడోది మెకానికల్ హాకమోర్, ఇరుపక్కలా పొడుగు ఇనుప కాడలు ఉండేది. ఆ కాడలు చేతి బలాన్ని పెంచి ముక్కునూ గడ్డాన్నీ నొక్కుతాయి. నోట్లో ఇనుము లేదన్న ధీమాతో మోటు చేతికి దాన్ని అప్పగించకూడదని నా గట్టి అభిప్రాయం.

మూతిపట్టీ ఎక్కడ ఉందన్నది కూడా చిన్న విషయం కాదు. ముక్కు ఎముక కిందికి పోయేకొద్దీ పలచబడి, చివర మెత్తటి భాగం వస్తుంది. పట్టీ అక్కడికి జారితే ముక్కు రంధ్రాలకు గాలి అడ్డుపడుతుంది. గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీయలేదు. చెంప ఎముక గట్టు దాటి రెండు వేళ్ల కింద, గట్టి ఎముక మీదే పట్టీ ఉండాలి, దాని లోపల రెండు వేళ్లు సులువుగా దూరాలి.

ముళ్ల కళ్లెం సంగతి మాత్రం వాదనకు తావు లేనిది. బరువు లాగే, మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నియమాలు ముళ్లున్న కళ్లేన్ని నిషేధించాయి. జాతరలో ఎవరైనా చవకగా ఇచ్చినా దాన్ని తేవద్దు.

బయట వేపచెట్టు కింద నా ఆడగుర్రం ఉంది. అందరూ ఒకేసారి మీద పడకుండా ఇద్దరిద్దరుగా రండి. ముందు దాని నోటిలోని ఆ ఖాళీని మీ వేలితో తాకి చూడండి, తర్వాత పట్టీ కట్టడం చూపిస్తాను.