లూదియ హృదయాన్ని తెరచింది ఎవరు?

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ వందనాలు.

హృదయం తెరవమని ప్రసంగాలలో మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ఆ తలుపు గడియ పూర్తిగా మన చేతిలోనే ఉన్నదా అనే ప్రశ్నను అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం 14వ వచనం మన ముందు ఉంచుతుంది. ఫిలిప్పీ పట్టణపు గవిని వెలుపల, నదీతీరాన, విశ్రాంతిదినమున కూడివచ్చిన స్త్రీలతో పౌలు కూర్చుండి మాట్లాడుతున్నాడు. వారిలో ఊదారంగు పొడి అమ్మే తుయతైర పట్టణస్థురాలు లూదియ ఉన్నది. ఆమెను గురించి ఈ గ్రంథకర్త లూకా వ్రాసినది, “ప్రభువు ఆమె హృదయము తెరచెను” అని. పౌలు వాక్చాతుర్యం తెరచిందని ఆయన వ్రాయలేదు. లూదియ తానే తెరచుకున్నదనీ వ్రాయలేదు.

గ్రీకు మూలంలో ఇక్కడ ఉన్న క్రియాపదమే లూకా సువార్త 24వ అధ్యాయంలో మూడుసార్లు కనిపిస్తుంది. తిరిగి లేచిన ప్రభువు దారిలో తమతో నడిచినా ఆయనను గుర్తుపట్టని ఇద్దరు శిష్యులకు, ఎమ్మాయు గ్రామంలో ఆయన రొట్టె విరిచి ఇచ్చినప్పుడు కన్నులు తెరవబడ్డాయి. తరువాత యెరూషలేములో ఆయన శిష్యుల మనస్సును తెరిచాడు. మూడవది మన తెలుగు బైబిలులో కంటికి ఆనదు. 32వ వచనంలో లేఖనములను “బోధపరచుచున్నప్పుడు” అని చదువుతాం గాని, మూలంలో అక్కడ కూడా ఉన్నది తెరచుట అనే మాటే. అంటే లేఖనాలూ తెరవబడాలి, చదివేవాని మనస్సూ తెరవబడాలి.

ఆ ఇద్దరు శిష్యులకు సమాచారం కొరత లేదు. సిలువ సంగతి వారికి తెలుసు, సమాధి ఖాళీగా ఉన్నదని స్త్రీలు తెచ్చిన వార్తా తెలుసు, ఆ వివరాలన్నీ దారిలో, ఆయనెవరో తెలియక, తప్పులేకుండా సాక్షాత్తు యేసుకే వినిపించారు. అయినా వారి ముఖాలలో దుఃఖమే ఉన్నది. ఏళ్ల తరబడి వాక్యం వింటూ, వచనాలు కంఠస్థం చేసి, ఎవరు తప్పు చెప్పినా ఇట్టే పట్టుకోగలిగిన మనలో చాలామంది స్థితి దీనికి దూరం కాదు. నన్నూ కలుపుకొనే ఈ మాట అంటున్నాను.

ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో తలుపు తట్టే యేసును మనం సాధారణంగా అవిశ్వాసులకు చూపిస్తాం. కానీ ఆ మాట వెళ్లినది లవొదికయ సంఘానికి, అంటే తమకేమీ కొదువ లేదని అనుకొన్న విశ్వాసులకు. సత్యానికి మూసుకొన్న హృదయం ఎప్పుడూ ఎదిరిస్తూనే ఉంటుందని అనుకోవద్దు. “ఇది నాకు తెలిసిన వాక్యమే” అని తల ఊపుతూ కూడా అది మూసుకొని ఉండగలదు.

తెరచేది ప్రభువే అయితే మనం చేయవలసింది ఏమీ లేదా? లూదియను మళ్లీ చూడండి. ప్రభువు ఆమె హృదయాన్ని తెరచిన సమయానికి ఆమె వింటూ ఉన్నది. తెరచిన తరువాత పౌలు మాటలయందు లక్ష్యముంచింది. అప్పటికే దేవుని ఆరాధించే స్త్రీ అయినప్పటికీ, తనకు తెలిసినది చాలునని ఆమె అనుకోలేదు. కీర్తనకారుడు కూడా ధర్మశాస్త్రాన్ని ప్రేమిస్తూనే “నా కన్నులు తెరువుము” అని 119వ కీర్తనలో వేడుకొన్నాడు. బైబిలు తెరిచే ముందు ఆ మాటనే ప్రార్థనగా పలకండి; ఆపైన మీకు బాగా తెలిసిన భాగాన్నే, అది మిమ్మును ప్రశ్నించేంత నెమ్మదిగా చదవండి.

లూదియ కథ నదీతీరాన ఆగలేదు. ఆమె, ఆమె ఇంటివారు బాప్తిస్మము పొందిన తరువాత, తన ఇంట ఉండమని ఆమె పౌలు బృందాన్ని బలవంతం చేసింది. కొన్నాళ్లకు బెత్తములతో కొట్టబడి, చెరసాలలో వేయబడి, విడుదలైన పౌలు, అతని సహచరుడు సీల నేరుగా వెళ్లినది ఆమె ఇంటికే. సహోదరులను వారు ఆదరించినదీ అక్కడే.