ఏథెన్స్ కుర్రాళ్లు: ఆర్.ఇ.ఎం. తొలి అడుగులు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణంలో పుట్టిన ఆర్.ఇ.ఎం. అనే రాక్ బ్యాండ్ తొలి పదేళ్ల కథ ఈనాటి ప్రసంగ విషయం. ఒక్క పాటతో రాత్రికి రాత్రే పేరు తెచ్చుకున్న బృందాలు చాలా ఉన్నాయి. మెట్టు తరవాత మెట్టు ఎక్కుతూ, తమ ధోరణిని వదులుకోకుండా పైకి వచ్చిన ఈ నలుగురి తీరు నాకు అంతకన్నా ఎంతో విలువైనదిగా తోస్తుంది.

గిటారిస్టు పీటర్ బక్ ఆ పట్టణంలోని వక్స్‌ట్రీ అనే రికార్డుల దుకాణంలో పనిచేసేవారు. చిత్రకళ చదువుతున్న మైకేల్ స్టైప్ అక్కడికి తరచుగా వచ్చేవారు. ఇద్దరికీ ఒకే రకం రికార్డులు నచ్చడంతో స్నేహం కుదిరింది. మేకన్ పట్టణంలో బడి రోజుల నుంచీ కలిసి వాయిస్తున్న మైక్ మిల్స్, బిల్ బెరీ వారితో చేరారు. 1980 ఏప్రిల్ 5న, ఆరాధనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో జరిగిన పుట్టినరోజు వేడుకలో వారు మొదటిసారి జనం ముందు వాయించారు. ఆ తరవాత ఒక వ్యానులో సామాను వేసుకుని దక్షిణాది ఊళ్లలోని చిన్న చిన్న క్లబ్బులన్నీ తిరిగారు.

1981లో వచ్చిన తొలి సింగిల్ (ఆల్బమ్‌గా కాక విడిగా వెలువడే పాట) ‘రేడియో ఫ్రీ యూరప్’ను నార్త్ కరొలైనాలో మిచ్ ఈస్టర్ అనే సంగీతజ్ఞుడు తన తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో పెట్టుకున్న స్టూడియోలో రికార్డు చేశారు. దాన్ని విడుదల చేసింది హిబ్‌టోన్ అనే చిన్న సంస్థ. అటువంటి పాటలకు పెద్ద స్టేషన్లలో చోటు దొరకడం కష్టం. వాటిని ఆదరించినవి కళాశాలల రేడియోలు. ప్రకటనదారుల ఒత్తిడి లేని ఆ స్టేషన్లలో విద్యార్థులు తమకు నచ్చిన రికార్డును నచ్చినన్నిసార్లు వేసేవారు. ఆర్.ఇ.ఎం. ఎదుగుదలలో ఆ విద్యార్థుల పాత్ర చాలా పెద్దదని, రేడియోలో మాట్లాడుతున్నందుకు కాదు గాని, గట్టిగా చెప్పదలచుకున్నాను.

తొలి పూర్తి ఆల్బమ్ ‘మర్మర్’ తయారైన తీరు కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అప్పటికి వారు ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్‌లో చేరారు. ఆ సంస్థ పంపిన నిర్మాత ఒకే పాటను మళ్లీ మళ్లీ వాయింపజేసి, చివరకు దానిపై కీబోర్డులు కూడా చేర్చారు. అది తమ పాట కాదనిపించిన ఆ నలుగురూ పట్టుబట్టి, మిచ్ ఈస్టర్, ఆయనతో కలిసి పనిచేసిన నిర్మాత డాన్ డిక్సన్‌ల దగ్గరకు వెళ్లారు. ఆ ఆల్బమ్‌లో బక్ గిటారు తీగలన్నిటినీ ఒక్కసారిగా మోగించకుండా ఒక్కొక్కదాన్నే మీటుతుంటే, మిల్స్ బేస్ గిటారు మరో బాణీ అందుకుంటుంది. స్టైప్ గొంతులో మాటలు పూర్తిగా తెలియకపోయినా వాటిలోని బాధ మాత్రం తెలుస్తూనే ఉంటుంది. 1983లో వెలువడిన ఆ ఆల్బమ్‌ను రోలింగ్ స్టోన్ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది.

అయినా అమ్మకాలు ఒక్కసారిగా పెరగలేదు. ఏడాదికొక ఆల్బమ్ చొప్పున చేసుకుంటూ, నడుమ ఊరూరా తిరుగుతూ, 1987లో ‘డాక్యుమెంట్’ వచ్చేనాటికి గాని వారి పాట అమెరికా తొలి పది పాటల్లో చేరలేదు. మరుసటి ఏడాది వారు వార్నర్ బ్రదర్స్ అనే పెద్ద సంస్థకు మారారు.

అంతకాలం వారిని కలిపి ఉంచింది, నా దృష్టిలో, ఒక ఒప్పందం. పాట ఎవరి చేతిలో మొదలైనా రచయితలుగా నలుగురి పేర్లూ వేసేవారు, రాబడిని సమానంగా పంచుకునేవారు, ఒక్కరు కాదన్నా ఆ పని మానుకునేవారు. డబ్బు, పేరు కారణంగా చీలిపోయిన బృందాలను తలచుకుంటే ఆ పద్ధతి ఎంత ముందుచూపుతో పెట్టుకున్నదో అర్థమవుతుంది. 1991లో ‘అవుట్ ఆఫ్ టైమ్’ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అందులో ప్రపంచమంతా పాడుకున్న ‘లూజింగ్ మై రెలిజియన్’ పాటకు బక్ అప్పుడప్పుడే నేర్చుకుంటున్న మాండొలిన్ ఆధారం. దానికీ రచయితలుగా ఆ నలుగురి పేర్లే ఉన్నాయి.