బాష్ అరేలోని విలువలు కమాండ్‌కి విరగకుండా చేరాలంటే

బాష్ అంటే మనం టైప్ చేసిన కమాండ్లని నడిపే షెల్. అందులో రాసిన బ్యాకప్ స్క్రిప్ట్‌లో, ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ అనే కమాండ్‌కి ఒక ఫోల్డర్‌ని వదిలేయమని చెప్పాం. ఆ ఫోల్డర్ పేరు "పెళ్ళి ఫోటోలు". స్క్రిప్ట్ నడిపితే "ఫోటోలు" అనే ఫైలే లేదంటూ ఎర్రర్ కోడ్ 23 వచ్చింది. పైగా వదిలేయమన్న ఫోల్డర్ కాస్తా కాపీ అయిపోయింది. గొడవంతా పేరు మధ్యలో ఉన్న ఆ ఒక్క స్పేస్‌తోనే.

ఆప్షన్లన్నీ ఒకే వేరియబుల్‌లో ఒక స్ట్రింగ్‌గా పెట్టి, కోట్స్ లేకుండా కమాండ్‌కి ఇచ్చాం కదా, బాష్ దాన్ని స్పేస్ ఉన్నచోటల్లా విరిచేసింది. "పెళ్ళి" వరకే ఎక్స్‌క్లూడ్‌కి, అంటే వదిలేయమని చెప్పే ఆప్షన్‌కి, అందింది, "ఫోటోలు" అనేది కాపీ చేయాల్సిన ఇంకో సోర్స్ అయి కూర్చుంది. స్ట్రింగ్ లోపల సింగిల్ కోట్స్ పెట్టి చూస్తారు చాలామంది. పని చేయదు. వేరియబుల్ విప్పాక బయటపడ్డ కోట్స్ బాష్‌కి మామూలు అక్షరాలే. వాటిని అలాగే ఆర్‌సింక్ చేతిలో పెడుతుంది.

అందుకే అరే వాడాలి, అంటే చాలా విలువలని విడివిడిగా దాచుకునే వేరియబుల్. రాసే తీరు ఇది: పేరు, ఈక్వల్ టు, మామూలు బ్రాకెట్లలో విలువలు. ఈక్వల్ టుకి అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు. విలువల మధ్య స్పేస్ చాలు, కామా పెట్టకండి. పెడితే అది కూడా విలువలో భాగమైపోతుంది. తర్వాత ఇంకోటి చేర్చాలంటే ప్లస్ ఈక్వల్ టు రాసి, మళ్ళీ బ్రాకెట్లలోనే పెట్టండి. బ్రాకెట్లు మర్చిపోతే కొత్త విలువ మొదటిదాని తోకకి అతుక్కుంటుంది.

ఇక కమాండ్‌కి ఇవ్వడం. స్క్రీన్ మీద చూడండి, చదువుతున్నాను: డబుల్ కోట్, డాలర్, ఫ్లవర్ బ్రాకెట్, అరే పేరు, స్క్వేర్ బ్రాకెట్లలో ఎట్ ద రేట్, ఫ్లవర్ బ్రాకెట్ క్లోజ్, డబుల్ కోట్ క్లోజ్. ఇలా రాస్తేనే ఒక్కో విలువ ఒక్కో ఆర్గ్యుమెంట్‌గా, అంటే కమాండ్‌కి విడిగా అందే ముక్కగా వెళ్తుంది. ఎట్ ద రేట్ బదులు స్టార్ పెడితే అన్నీ కలిసి ఒకే ఆర్గ్యుమెంట్ అవుతాయి. లాగ్‌లో ప్రింట్ చేయడానికి అది బాగుంటుంది, కమాండ్‌కి మాత్రం వద్దు. ఉత్త డాలర్, అరే పేరు అని రాస్తే మొదటి విలువ ఒక్కటే వస్తుంది. ఎర్రర్ కూడా రాదు, అన్నిట్లోకీ ప్రమాదకరం ఇదే.

అనుమానం వస్తే ఆర్‌సింక్ ముందు నడపకండి. అదే అరేని ప్రింట్‌ఎఫ్ అనే ప్రింట్ చేసే కమాండ్‌కి ఇచ్చి, ఒక్కో విలువ చుట్టూ యాంగిల్ బ్రాకెట్లు పడేలా లైనుకొకటి ప్రింట్ చేయండి. ఎక్కడ విరిగిందో కంటికే కనిపిస్తుంది.

అరే ఖాళీగా ఉంటే? ఎట్ ద రేట్‌తో రాసినది అసలు ఆర్గ్యుమెంటే పంపదు, మనకి కావాల్సిందీ అదే. కానీ విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆపేయమని చెప్పే సెట్ మైనస్ యూ పెట్టుకున్న స్క్రిప్ట్‌లో, బాష్ 4.4 కంటే పాత వెర్షన్ అయితే, అన్‌బౌండ్ వేరియబుల్ అని ఆగిపోతుంది. మ్యాక్‌తో పాటు వచ్చే బాష్ 3.2 కాబట్టి అక్కడ ఇది తప్పకుండా తగులుతుంది. అరేలో ఎన్ని ఉన్నాయో ముందు లెక్క చూసి, సున్నా కాకపోతేనే కమాండ్‌కి ఇవ్వండి.

ఉబుంటులో స్క్రిప్ట్‌ని ఎస్‌హెచ్‌తో నడిపితే బ్రాకెట్ దగ్గరే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అక్కడ ఎస్‌హెచ్ అంటే డాష్ అనే వేరే షెల్, దానికి అరేలు లేవు. మొదటి లైన్‌లో బాష్ అని రాసి, నడిపేటప్పుడు కూడా బాష్‌తోనే నడపండి.