శాలువా ఎవరికి కప్పాలి? మన కెమిస్టులూ, అవార్డులూ

[దృశ్యం: శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్. సాయంత్రం రద్దీ.]

ఇక్కడ నిలబడి "కెమిస్ట్ ఎక్కడండీ?" అని అడిగి చూడండి. నేరుగా మందుల షాపు చూపిస్తారు. వాళ్ల తప్పేం లేదు, బోర్డు మీద అదే రాసుంటుంది మరి. కానీ తెల్లారగట్ల కంపెనీ బస్సెక్కి, మందుల ఫ్యాక్టరీలుండే పైడిభీమవరం వెళ్లేవాళ్లు ఉన్నారే, రసాయనాలతో పనిచేసే వాళ్లూ కెమిస్టులే. ఏం పని చేస్తారో ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలీదు. "మావోడు మందుల కంపినీలో సేస్తన్నాడు" అంటారు, అంతే.

అలాంటివాళ్లని ఊళ్లో ఒక సంఘం గుర్తించి అవార్డు ఇవ్వాలంటే ఎలా?

[దృశ్యం: పాత షికాగో ఫొటో.]

అమెరికన్ కెమికల్ సొసైటీ 1876లో పుట్టింది. దానికి ఊళ్లవారీగా స్థానిక శాఖలున్నాయి. షికాగో శాఖ 1911 నుంచి విల్లార్డ్ గిబ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పేరు మీద ఒక పతకం ఇస్తోంది. మొదటిది అందుకున్నది స్వీడన్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త అరీనియస్. 1921లో మేరీ క్యూరీ. ఒక ఊరి శాఖ ఇచ్చే పతకమండీ ఇది! అంత విలువ ఎలా వచ్చిందంటే, ఎంపికని ఊళ్లోవాళ్ల మొహమాటాలకి వదల్లేదు. రసాయన శాస్త్రంలో వేర్వేరు విభాగాల్లో పేరున్నవాళ్లతో జ్యూరీ వేసుకున్నారు.

మన దగ్గర ఏమవుతుందో మీకు తెలుసు. ముఖ్య అతిథి గంటన్నర లేటు. వేదిక మీద పదిహేను మంది. సన్మాన పత్రం నిండా "నిరాడంబరులు, నిగర్వి, స్నేహశీలి". పేరు కొట్టేసి పక్కింటాయన పేరు రాసినా సరిపోతుంది. కెమిస్టుకి ఇచ్చే పత్రంలో రసాయనం పేరు ఒక్కటైనా ఉండొద్దా?

[దృశ్యం: పరీక్ష నాళికలో నెమ్మదిగా చిక్కబడే నీలిరంగు.]

పని పేరు చెప్పి గుర్తుపెట్టుకోవడం అంటే ఇదిగో ఇలా ఉంటుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, నీలిరంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి ఫాస్ఫరస్ ఎంతుందో లెక్కగట్టే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటిది. ఆయనకి నోబెల్ రాలేదు. కానీ ల్యాబులో ఆ పద్ధతిని "ఫిస్కే-సుబ్బారావు" అనే అంటారు. నన్నడిగితే, చాలా పతకాల కంటే అదే గట్టిది.

సరే, మన జిల్లాలో ఎవరికిస్తాం?

[దృశ్యం: పలాస. జీడిపిక్కలు కొడుతున్న ఆడవాళ్ల చేతులు, దగ్గరగా.]

ఈ వేళ్ల నలుపు చూడండి. జీడితొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడిచేస్తే అది కార్బన్ డయాక్సైడ్ వదిలి కార్డనాల్ అవుతుంది. పెయింట్లలో, బ్రేకు లైనింగుల్లో వాడేది అదే. ఈ చేతుల మంట తగ్గించే పని ఎవరైనా కెమిస్టు చేస్తే, మొదటి శాలువా అటు పంపుదాం.

రెండోది ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బుకి ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లు పరీక్షించి "ఇది కారణం కాదు" అని ఒక అనుమానాన్ని కొట్టేసినవాళ్లకి చప్పట్లుండవు. నేనైతే వాళ్లకీ ఇస్తాను. కాదని తేల్చడానికీ అంతే చాకిరీ.

అవార్డు ఇచ్చే తేదీకి వెతుక్కోనక్కర్లేదు. 1924లో కలకత్తాలో పెట్టిన ఇండియన్ కెమికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడు ప్రఫుల్ల చంద్ర రాయ్. ఆయన పుట్టినరోజు ఆగస్టు 2.

[దృశ్యం: బ్యూరెట్, కింద ఫ్లాస్కు. చుక్క చుక్క.]

ఇక నా ఓటు. నేనూ కొన్నాళ్లు ఒక కంపెనీలో క్యూసీలో, అంటే సరుకు నాణ్యత పరీక్షించే విభాగంలో చేశాను. బ్యూరెట్ అనే గొట్టంలోంచి ఫ్లాస్కులోకి ఒక్కో చుక్కా వదులుతూ, రంగు మారేదాకా ఎంత పట్టిందో రాసుకునే పరీక్ష అది. నైట్ షిఫ్టులో నిద్రమత్తు, గులాబీ రంగు కనపడగానే రీడింగ్ రాసేయబోయాను. మా సీనియర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగురా. రంగు ముప్పై సెకన్లు నిలబడితేనే ఎండ్ పాయింట్." అంటే అప్పుడే పరీక్ష పూర్తయినట్టు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఇరవై దాటగానే రంగు పోయింది.

ఆయన రిటైరైపోయాడు. శాలువా కాదు కదా, ఆయన పేరుతో ఒక రీసెర్చ్ పేపరు కూడా లేదు. నామినేషన్ ఫారం అంటూ వస్తే నేను రాసే వాక్యం ఇదే: "అర్ధరాత్రి రెండింటికి కూడా ముప్పై సెకన్లు ఆగేవాడు."