బొమ్మలోకి వచ్చినవాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటికి రెండిళ్ళ అవతల, పాత ఎస్టేటు వారి మండువా లోగిలి ఉండేది. సావిట్లో పెద్ద తైలవర్ణ చిత్రం. మధ్యలో జరీ తలపాగాతో పెద్దాయన, పక్కన కుర్చీలో ఆయన భార్య, వెనక కొడుకులు, కోడళ్ళు. ఆవిడ మోకాలికి ఆనుకుని ఆరేళ్ళ పిల్లాడు, మఖమలు కోటు, చేతిలో చెక్క గుర్రం.

ఆ పిల్లాడిలో ఏదో తేడాగా అనిపించేది. అందరి ముఖాల మీదా వెలుగు ఎడమ నుంచి పడుతుంటే, వాడి ముఖం మీద కుడి నుంచి పడేది. ఆ ఇంటి మామ్మగారిని అడిగితే, "మా మరిది నాయనా. బొమ్మ వేయించేనాటికే పోయాడు. ఫొటో చూసి వేశాడు పెయింటరు" అన్నారు. బతికున్నవాళ్ళందరూ కిటికీ పక్కన కూర్చుని వేయించుకున్నారు. వాడి వెలుగు మాత్రం ఫొటోలోంచి వచ్చింది.

చాలా ఏళ్ళకి ఇంగ్లండులోని విల్టన్ హౌస్‌లో ఉన్న బొమ్మ గురించి చదువుతుంటే నాకు మళ్ళీ ఆ పిల్లాడే గుర్తొచ్చాడు. అది 1635 ప్రాంతంలో ఆంథొనీ వాన్ డైక్ వేసిన పెంబ్రోక్ ప్రభువు కుటుంబం. వెడల్పు దాదాపు 17 అడుగులు, ఎత్తు 11 అడుగులు. అందులో పదిమంది మనుషులు. వాళ్ళ పైన, మబ్బుల్లో, చిన్న చిన్న దేవదూతలు. వాళ్ళు ఆ ఇంట్లో పసితనంలోనే పోయిన పిల్లలట. పోయిన బిడ్డలు లేకుండా కుటుంబం అనిపించుకోవడం ఆ ఇంటివాళ్ళకీ మనసొప్పలేదన్నమాట.

ప్రభువు పక్కన కూర్చున్నది రెండో భార్య యాన్ క్లిఫర్డ్. ఆ పిల్లల తల్లి, మొదటి భార్య, 1629లోనే పోయింది. యాన్‌కి భర్తతో పొసగలేదు, బొమ్మ వేసే రోజులకే ఇద్దరి మధ్యా ఎడం వచ్చేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరితోనూ సంబంధం లేనట్టు కూర్చుంటుంది. తండ్రి ఆస్తి కోసం దశాబ్దాల పాటు పోరాడి సాధించుకున్న మనిషి ఆవిడ. మధ్యలో తెల్లటి దుస్తుల్లో ఉన్నది కొత్త కోడలు మేరీ. ఆ అమ్మాయి పెళ్ళాడిన పెద్ద కొడుకు ఛార్లెస్ ఏడాది తిరిగేసరికి ఇటలీలో ఫ్లోరెన్సు నగరంలో మశూచితో పోయాడు. బొమ్మలో మాత్రం ఇద్దరూ ఉన్నారు.

1647 ప్రాంతంలో విల్టన్ హౌస్ దక్షిణ భాగం అగ్నిప్రమాదంలో దెబ్బతింది. తిరిగి కట్టినప్పుడు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 30 అడుగుల ఎత్తుతో ఒక గది కట్టారు. ఇవాళ ఆ బొమ్మ ఉన్నది అందులోనే.

మా ఊరి బొమ్మకి అంత అదృష్టం పట్టలేదు. 1948 జమీందారీ రద్దు చట్టంతో ఎస్టేటు పోయింది, కొడుకులు తలో ఊరూ పట్టుకున్నారు. 1986 ఆగస్టులో గోదావరి వరద సావిట్లోకి వచ్చింది. నీళ్ళు బొమ్మదాకా రాలేదు కానీ గోడ చెమ్మ పీల్చుకుని, వెనక నుంచి గుడ్డ వదులైంది, బూజు పట్టింది. ఎవరో మంచి చేద్దామనుకుని తడిగుడ్డతో తుడిచారు. కింది భాగంలో రంగు పెచ్చులుగా రాలింది. చెక్క గుర్రం పోయింది. దాన్ని పట్టుకున్న పిడికిలి అలాగే ఉండిపోయింది.

మీ ఇళ్ళల్లో ఇలాంటి పాత బొమ్మ ఉంటే దయచేసి తడిగుడ్డ తగలనివ్వకండి. వానగాలి కొట్టే గోడకి వేలాడదీయకండి. ఫ్రేముకీ గోడకీ మధ్య కాస్త గాలి ఆడేలా రెండు చెక్క ముక్కలు పెట్టండి. ఎవరెవరో అడిగి, పేర్లు ఒక కాగితం మీద రాసి దాచండి. బొమ్మ వెనక మాత్రం రాయొద్దు.

నేనూ ఆ వరద తర్వాత కాగితం పట్టుకుని కూర్చున్నాను. మామ్మగారు ఎడమ నుంచి వరసగా చెప్పుకొచ్చారు. పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

"నేను కాపరానికొచ్చేసరికే పోయాడు కదా. మా అత్తగారు బుల్లిబాబు అనేవారు. అసలు పేరు... నేను అడగలేదు నాయనా."

కాగితం మీద బుల్లిబాబు అనే రాసుకున్నాను.